కట్టు తడిసేదాకా

చెప్పులు బయటే విప్పి రమ్మన్నారు. నలభై మంది పాదాలు ఒకే గదిలో, మూసేసిన కిటికీల మధ్య, ఏళ్ల తరబడి ఎండ చూడని తివాచీ మీద. దాని పైన ఏదో పూల నూనె వాసన. మూలన బల్ల మీద పెట్టిన చిన్న యంత్రం బుస్సుమంటూ ఆవిరి వదులుతోంది. పూల వాసన పాదాల వాసనని కప్పలేదు, పాదాల వాసన పూల వాసనని చంపలేదు, రెండూ కలిసి మూడో వాసన ఒకటి పుట్టి నా గొంతులో కూర్చుంది. కళ్లు మూసుకోండి, అంటోంది ముందు కూర్చుని ధ్యానం చేయిస్తున్న ఆవిడ. మెత్తటి గొంతు, టీలో నానిన బిస్కెట్ లాంటి గొంతు, ఎక్కడ పట్టుకున్నా విరిగి కప్పులో పడిపోయేలా ఉంది. కుడిచెయ్యి గుండె మీద పెట్టుకోండి, ఆ చెయ్యి మీది కాదనుకోండి, మిమ్మల్ని బాగా ప్రేమించే వాళ్లదనుకోండి. పెట్టుకున్నాను, పెట్టుకోకపోతే పక్కవాళ్లు చూస్తారు కాబట్టి. ఇరవై ఆరేళ్లుగా ఈ ఆసుపత్రిలో కట్లు కట్టే నర్సుని. ఈ చెయ్యి ఎక్కడెక్కడ పెట్టానో నాకు తెలుసు. సిబ్బంది మనసులు బాగుండటానికని, రెండింటి నుంచి మూడింటిదాకా ఈ గంట అందరూ తప్పక కూర్చోవాలని నోటీసు అంటించారు. మూడింటికి ఇది అయిపోతుంది. నాలుగింటికి నేను ఇంట్లో ఉండాలి. మా అక్క కాలి కట్టు విప్పాలి. పదకొండు రోజులుగా ఆ పని తప్పించుకున్నాను, ఇవాళ తప్పదు.

కళ్లు పూర్తిగా మూయలేదు. రెప్పల సందులోంచి పాదాలు కనిపిస్తున్నాయి. వాటిని చూడకుండా ఉండటం నా వల్ల కాదు, ఎవరైనా నవ్వితే పళ్ల డాక్టరుకి చిగుళ్లే కనిపించినట్టు. ల్యాబ్ ఆయన మడమలు పగిలి, ఆ పగుళ్ల అంచులు తెల్లగా పైకి లేచాయి. రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ చిటికెన వేలు ఇరుకు బూట్లకి పక్క వేలి మీదికెక్కి పడుకుంది. నా పక్కనున్న అంబులెన్సు డ్రైవరు అరికాల్లో ఆనెకాయ, దాన్ని గడ్డం గీసుకునే బ్లేడుతో చెక్కుకుంటాడు, వద్దని పదిసార్లు చెప్పాను. మెత్తటి గొంతావిడ బొటనవేలి గోరు మందంగా, గుల్లగా పెరిగింది, పైన ముదురు ఎరుపు పూసుకుంది. ఆ రంగు కింద పసుప్పచ్చటి పొడి రాలుతుంటుందని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు, అందుకే ఆ రంగు. మీలో మీకు నచ్చనిదాన్ని కూడా లోపలికి ఆహ్వానించండి, అంటోంది. ముందు నీ గోరుని ఆహ్వానించు తల్లీ, అనుకున్నాను, అనుకున్న వెంటనే నా నోట్లో చేదు ఊరింది. ఈ మధ్య నాకు తోచేవన్నీ ఇలాంటివే. ఎవరిని చూసినా వాళ్లలో కుళ్లిన చోటు మీదికే నా కన్ను పోతోంది. పుళ్లు కడిగి కడిగి కన్ను అలా అయిందని చెప్పుకోవచ్చు. కాదు. పదకొండు రోజుల నుంచే.

షుగరున్న వాళ్లు ఎవరు నా గదికి వచ్చినా, చేతికి దెబ్బ తగిలి వచ్చినా సరే, నేను ముందు అనే మాట ఒకటే, చెప్పులు విప్పండి, పాదం చూపించండి. సిగ్గుపడతారు, కడుక్కోలేదమ్మా అంటారు, పర్వాలేదంటాను. వేళ్ల మధ్య చూస్తాను, మడమ పట్టుకుని తిప్పి చూస్తాను, దూది కొసతో అరికాలు తాకి తెలుస్తోందా అని అడుగుతాను. తెలియడం లేదంటే వాళ్ల వెంట వచ్చిన వాళ్లని కసురుతాను. ఇంట్లో ఉండి ఏం చేస్తున్నారు, రోజుకి ఒక్కసారి కాలు చూడలేరా. ఎంత బాగా కసురుతానో. అవతలివాళ్లు తల దించుకునేదాకా వదలను. మా అక్కకి షుగరు వచ్చి తొమ్మిదేళ్లు. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, నేనూ, నాకంటే పన్నెండేళ్లు పెద్దదైన అక్కా. ఈ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నేను అక్క పాదం చూడలేదు. రోజంతా పాదాలే చూస్తాను కదా, ఇంటికొచ్చి కూడా పాదాలేనా.

నాలుగు వారాల కిందట వంటింటి గడప దగ్గర నేల మీద ఒక తడి మచ్చ కనిపించింది. టీ ఒలికిందనుకుని తుడిచాను. మర్నాడు కుట్టుమిషను దగ్గర ఇంకొకటి, అదీ తుడిచాను. మూడోనాడు వరసగా నాలుగు, అడుగుకొకటి, ఎవరో నడిచి వెళ్లినట్టు. అవీ తుడిచాను, తుడుస్తూ తిట్టాను కూడా. "చూసి తాగవే టీ, ఇల్లంతా మచ్చలు" అన్నాను. "నేనెక్కడ ఒలికించానే, నీ కళ్లు పోయాయి" అంది అక్క. నాలుగోనాడు ఆ తుడిచిన గుడ్డని బకెట్లో పిండుతుంటే వాసన తగిలింది. ఇరవై ఆరేళ్ల వాసన, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను అదేమిటో. తడి చేతులతోనే వెళ్లి అక్క కాలు పట్టుకుని తిప్పి చూశాను. కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో, పావలా అంత గుంట. ఎక్స్‌రే తీస్తే లోపల విరిగిన మిషను సూది ముక్క. అక్క బట్టలు కుడుతుంది, సూదులు విరుగుతూనే ఉంటాయి, ఎప్పుడు గుచ్చుకుందో తనకే తెలియదు. రెండు వారాలు దాని మీద నడిచింది. ఆ కాలితోనే మిషను తొక్కింది. నేను నేల తుడిచాను.

ఆ కాలు తొక్కిన మిషను సంపాదన మీదే నేను చదువుకున్నాను. ఎంత అందమైన వాక్యం. ఎక్కడైనా చదివితే కళ్లు చెమర్చుకుంటారు. ఈ గంట చివర ఒక్కొక్కరూ ఏదో ఒకటి చెప్పాలంటే నేను ఇదే చెబుతాను, మెత్తటి గొంతావిడ తల పక్కకి వంచి వింటుంది, రిసెప్షన్ ఆవిడ కర్చీఫు తీస్తుంది, నేను మంచిదాన్నై బయటికి నడుస్తాను. తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. రంగు పూసిన గోరు. నా కృతజ్ఞత వాసన కూడా నాకు తెలిసిపోతోంది, పూల నూనె వాసనే అది. ఇప్పుడు నాతో కలిసి మనసులో అనండి, అంటోంది, నేను ఎలా ఉన్నానో అలాగే నన్ను ఒప్పుకుంటున్నాను. గదిలో ఎవరో నిజంగానే పైకి అన్నారు. నేను పెదవులు కదిపాను. ఎలా ఉన్నానో అలాగే. అంటే, నేల తుడుస్తూ అక్కని ఎలా తిట్టానో, అలాగే. ఆ తరవాత జరిగిందాన్ని కూడా కలిపి, అలాగే. ఒప్పుకోవడం ఇంత తేలికైతే ఆసుపత్రిలో ఇన్ని బకెట్లెందుకు.

అసహ్యం ముఖంలో ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. ముందు ముక్కుకి రెండు పక్కలా ముడత, వెంటనే పై పెదవి ఒక వైపు పైకి లేస్తుంది, ఆఖరికి కనుబొమలు దగ్గరవుతాయి. మొత్తం ఒక రెప్పపాటు. దాన్ని ఆపాలంటే నాలుకని పై పళ్ల వెనక గట్టిగా నొక్కిపెట్టి ముక్కుతో కాకుండా నోటితో గాలి పీల్చాలి. ఇది పెద్ద సిస్టర్ నేర్పింది, నేను ఇరవై రెండేళ్ల దాన్నై ఈ పనిలో చేరినప్పుడు. కట్లు కట్టే ట్రాలీ చేతిపిడికి ఆవిడ ఒక చిన్న గుండ్రటి అద్దం కట్టి ఉంచేది. చెయ్యి పుండు మీద, కన్ను ఒకసారి పుండు మీద, ఒకసారి అద్దంలో. "పిల్లా, వాడికి తన పుండు కనపడదు. నీ ముఖంలోనే చూసుకుంటాడు. నీ ముఖం శుభ్రంగా ఉంటే వాడి పుండు సగం మానినట్టే" అనేది. మొదటి వారం నేను మూడుసార్లు వాంతి చేసుకున్నాను. రెండో నెలకి అద్దం అక్కర్లేకపోయింది. నాలుగో ఏటికి నాకు విగ్రహం అని పేరు పెట్టారు, ఇప్పటికీ వెనక అదే పిలుపు, కొందరు ముందర కూడా. పురుగులు పట్టిన కాళ్లు విప్పాను, వీపు ఎముకలు బయటపడ్డ వాళ్లని కడిగాను, ఒక్కరు కూడా నా ముఖంలో తమ పుండుని చూసుకోలేదు. ఊరికే అంటున్న మాట కాదిది. నాకు గర్వంగా చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్కటే. పదకొండు రోజుల కిందట అది పోయింది. పోయింది కూడా ఎక్కడ, మా ఇంటి ముందు గదిలో, కుర్చీలో కూర్చుని పీట మీద కాలు చాపిన మా అక్క ఎదురుగా.

ఎండిన కట్టుని లాగకూడదు. ఈ పనిలో చేరిన రోజునే చెబుతారు ఈ మాట. పుండు మీది గుడ్డ ఎండి అతుక్కుపోతుంది. దాని కింద కొత్త కండ పుడుతూ ఉంటుంది, ఎర్రగా, సన్నని గింజల్లా, పుట్టేటప్పుడు అది గుడ్డ పోగుల్ని పట్టుకుని పుడుతుంది. అందుకని సెలైన్ నీళ్లు పోసి తడిపి, ఆగాలి. ఎంతసేపని అడిగితే పెద్ద సిస్టర్ సమాధానం చెప్పేది కాదు, అదే వదిలేదాకా అనేది. నేను ఎన్ని వేల కట్లు తడిపానో, ఎన్ని వేల నిమిషాలు ఆగానో. ఆ సాయంత్రం ఆగలేదు. పని నుంచి వచ్చి స్నానం కూడా చెయ్యలేదు, ఆకలేస్తోంది, ఆ రోజు అప్పటికే పంతొమ్మిది కట్లు విప్పాను. ఇది ఇరవయ్యోది. అక్కకి ఆ కాలు మొద్దుబారిపోయింది కదా, లాగినా తెలియదు కదా అనుకున్నాను. ఇంత తెలిసిన దాన్ని కాబట్టే ఇంత నీచంగా అనుకోగలిగాను, తెలియని వాళ్లైతే భయపడి నెమ్మదిగా తీసేవాళ్లు. లాగాను. గుడ్డతో పాటు రెండు వారాల కొత్త కండ వచ్చింది. రక్తం, దాని వెనకే వాసన. నాలుక పళ్ల వెనక పెట్టడం మరిచిపోయాను. ముక్కు, పెదవి, కనుబొమలు, అన్నీ తమ పని తాము చేసుకుపోయాయి, ముఖం పక్కకి తిరిగిపోయింది. తిరిగి వచ్చేసరికి అక్క నా వైపే చూస్తోంది. కాలికి ఏమీ తెలియలేదు తనకి, కన్నుకి తెలిసింది. తరవాత అంది, "మీ వార్డులో ఆవిడెవరో ఉందన్నావుగా, ఆవిణ్ణి రమ్మను. నీకెందుకు శ్రమ." పుట్టినప్పటి నుంచీ అక్క నన్ను తిట్టింది, కొట్టింది, నెత్తిన మొట్టింది, మాట్లాడకుండా మూడు రోజులు ఉంది ఒకసారి. నీకెందుకు శ్రమ అని మాత్రం ఎప్పుడూ అనలేదు. బంధువులతో అనే మాట అది.

అసహ్యపడింది అక్క కాలిని చూసి కాదు, నన్ను చూసుకుని, కొత్త కండ పీకేసిన నా చేతిని చూసి, అని ఈ పదకొండు రోజుల్లో ఎన్నోసార్లు చెప్పి చూసుకున్నాను. ఆ మాట చాలా శుభ్రంగా ఉంటుంది, ఉడకబెట్టిన కత్తెరలా తళతళలాడుతుంది. కానీ నాకు గుర్తుంది. ముందు వాసన వచ్చింది, ముక్కు ముడుచుకుంది, నా గురించి ఆలోచన ఆ తరవాత వచ్చింది. అక్క కుళ్లుతోంది, అదొక్కటే ఆ రెప్పపాటులో నాకు తట్టింది. మనిషి తట్టలేదు. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి ఒక్క రెప్పపాటు నాకు చెత్తబుట్ట అయింది. దీన్ని ఎవరికి చెప్పుకోను. చెబితే, అయ్యో సహజం కదమ్మా, నువ్వూ మనిషివే కదా, అంటారు, ఆ ఓదార్పు తడి తువ్వాలులా వచ్చి ముఖానికి అతుక్కుంటుంది. మర్నాటి నుంచి మా వార్డులో పనిచేసే ఆవిడ, తొందరమ్మ అని పిలుస్తాం, డ్యూటీ దిగి వెళ్తూ మా ఇంట్లో పది నిమిషాలు ఆగి కట్టు మార్చి వెళ్తోంది. ఆ పది నిమిషాలూ నేను వంటింట్లో ఉంటాను, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతాను. ఇంట్లో కూడా మాస్కు పెట్టుకుంటున్నాను. జలుబని చెప్పాను. పొద్దున తొందరమ్మ నడవాలో ఆపి, "ఇవాళ్టి నుంచి నాకు మధ్యాహ్నం డ్యూటీ వేశారు. మీ అక్క ఇక నీదే తల్లీ" అంది, సగం మాట మెట్ల మీద నుంచి వినపడింది.

అద్దాలు పంచుతున్నారు. అరచెయ్యంత అద్దాలు, వెనక ప్లాస్టిక్ పువ్వు. రెండు నిమిషాలు మీ ముఖాన్ని మీరు చూసుకోండి, పాత స్నేహితురాల్ని చూసినట్టు చూడండి, నవ్వండి, అంటోంది. డ్రైవరు అద్దంలో తన పళ్లు చూసుకుంటున్నాడు. నేను నా అద్దాన్ని బోర్లించి పట్టుకుని కాసేపు ఆ పువ్వునే చూశాను. తరవాత తిప్పాను. అలవాటుగా నాలుక పళ్ల వెనక్కి పోయింది, అద్దంలో విగ్రహం కనిపించింది, నున్నగా, ఎవరి పుండూ లేని ముఖం. ఈ ముఖాన్ని ఇరవై ఆరేళ్లు తయారుచేశాను. దీన్ని చూసి నవ్వమంటోంది. నాలుకని వదిలాను, ఏమవుతుందో చూద్దామని. ముక్కు పక్కల సన్నగా ముడత పడింది. పై పెదవి ఎడమ వైపు లేచింది. కనుబొమలు దగ్గరయ్యాయి. దగ్గరయ్యి, అలాగే ఉండిపోయాయి. రెప్పపాటులో పోవాల్సింది పోలేదు. అక్క ఆ రోజు చూసింది ఇదన్నమాట. ఎంత వికారంగా ఉందో. ఎదురుగా పుండు లేదు, వాసన లేదు, నేనే ఉన్నాను, అయినా అదే ముఖం. మాస్కు కింద ఇన్నాళ్లూ ఇదే పెట్టుకుని తిరుగుతున్నానేమో, పుళ్లు కడుగుతూ, గిన్నెలు కడుగుతూ. నా వైపు నేను ఇలా చూస్తూ.

ఈ ముఖం నేను ఇంతకు ముందు చూశాను. అద్దంలో కాదు. చాలా కిందినుంచి, తల పక్కకి వంచి, ఒక కన్నుతో చూశాను. నాకు ఆరేళ్లో ఏడేళ్లో, ఎడమ చెవి కారేది. పసుప్పచ్చగా, జిగటగా, మెడ మీదికి దిగి ఎండిపోయేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల పుస్తకాలు తీసుకుని వెనక బల్లకి వెళ్లిపోయింది, ఆ తరవాత వచ్చిన పిల్లా అంతే, చివరికి నా బల్ల మీద నేనొక్కదాన్నే. టీచరమ్మ కూడా నాకు నోట్‌బుక్కు ఇచ్చేటప్పుడు చెయ్యి చాచి దూరం నుంచి ఇచ్చేది, నవ్వుతూనే ఇచ్చేది, ఆ నవ్వు నాకిప్పటికీ అరగలేదు. రోజూ పొద్దున బడికి వెళ్లే ముందు అక్క నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూది వత్తి చెవిలో పెట్టి, అది మెత్తబడేదాకా అలాగే ఉంచి, తీసి, మళ్లీ ఇంకో వత్తి పెట్టేది. ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల ముఖం నాకు పైన కనిపించేది. ముక్కు ముడుచుకునేది, పెదవి ఎత్తేది, కళ్లు చికిలించేది. "ఛీ, ఏం కంపే నీది, చచ్చిన ఎలక ఏమైనా దూరిందా లోపలికి" అనేది. నేను కిలకిల నవ్వేదాన్ని. ఎందుకు నవ్వేదాన్ని. నోట్‌బుక్కు నవ్వుతూ ఇచ్చిన టీచరమ్మని తలుచుకుంటే నలభై ఏళ్ల తరవాత కూడా నా మెడ బిగుసుకుంటుంది, ఛీ అన్న అక్క మాత్రం నాకు ఎక్కడా గుచ్చుకోలేదు. ఆ వత్తి మెత్తబడేదాకా అక్క కదిలేది కాదు, అందుకా.

జంటలుగా కూర్చుని, మీరు మీలో క్షమించుకున్న ఒక్క విషయం పక్కవారికి చెప్పండి, అంటోంది. డ్రైవరు నా వైపు తిరిగాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, ధ్యానంలో గురక పెట్టాడు. "ముందు నువ్వు చెప్పమ్మా విగ్రహం" అన్నాడు. "నాకేం లేవు. మీరు చెప్పండి" అన్నాను. "నేను నా పొట్టని క్షమించేశాను. ఇన్నేళ్లూ లోపలికి పీల్చి పీల్చి చచ్చాను. ఇవాళ వదిలేశా. చూడు, హాయిగా ఉంది, దానికీ నాకూ." పొట్ట నిజంగానే ఒళ్లోకి వచ్చి కూర్చుంది. నాకు నవ్వు రాలేదు, కానీ ముక్కు పక్కల పట్టేసినది కొంచెం సడలినట్టనిపించింది. "ఆ బ్లేడుతో చెక్కడం మాత్రం మానండి. ఒకరోజు లోతుగా తెగుతుంది" అన్నాను. "నీకు నా కాలు ఎప్పుడు కనపడిందమ్మా" అన్నాడు, కాలు తివాచీ కిందికి దాచుకోబోతూ. "అందరివీ కనపడ్డాయి" అన్నాను. బయటికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట, ఒకళ్లవి ఒకళ్లు తొక్కుకుంటూ వెతుకుతున్నారు. మెత్తటి గొంతావిడ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఎలా అనిపించిందని అడిగింది. ఆమె అరచేతులు చెమటగా ఉన్నాయి. భయపడుతోందని అప్పుడు తెలిసింది, నలభై మంది కళ్లు మూసుకుని కూర్చున్న గదిలో ఆ గంటంతా ఆమె ఒక్కతే కళ్లు తెరుచుకుని ఉంది. బాగుందన్నాను. అబద్ధం. చెయ్యి మాత్రం గబుక్కున లాక్కోలేదు, ఆమే వదిలేదాకా ఉంచాను, తరవాత మెట్లు దిగుతూ చీర కుచ్చెళ్లకి తుడుచుకున్నాను.

ఇంటికి వెళ్లేసరికి అక్క కుర్చీలోనే ఉంది, పీట మీద కాలు, ఒళ్లో ఎవరిదో స్కూలు చొక్కా, చేత్తో గుండీలు కుడుతోంది. కాలు తొక్కకూడదన్నారు కాబట్టి చేతిపని. "ఆవిడ రాలేదా" అంది తలెత్తకుండా. "డ్యూటీ మారింది." "అయితే రేపు చూద్దాంలే." "రేపు కూడా రాదు." సూది ఆగింది, మళ్లీ కదిలింది. నేను చేతులు కడుక్కుని, ట్రే సర్దుకుని, నేల మీద కూర్చున్నాను. పైకట్టు చుట్లు విప్పాను. అడుగున గుడ్డ ఎండి, అంచులు ముదురు గోధుమరంగులో బిగుసుకుని ఉంది. తొందరమ్మ పేరుకి తగ్గట్టే కట్టింది. సెలైన్ సీసా వంచి పోశాను, నీళ్లు గుడ్డ మీద నుంచి జారి ట్రేలో పడ్డాయి, గుడ్డ ఇంకా తాగడం లేదు. వాసన మాస్కులోంచి, దాని కింద పెట్టుకున్న రెండో మాస్కులోంచి కూడా వచ్చింది. నాలుక పళ్ల వెనక నొక్కిపెట్టాను.

"ఏంటే ఆ మూతికి రెండు గుడ్డలు" అంది అక్క.

"జలుబు."

"పదకొండు రోజుల జలుబా. ముక్కు ఎగబీల్చగా ఒక్కసారి విన్లేదు నేను." దారం పళ్లతో తెంపింది. "తియ్యి."

"ఎందుకులే అక్కా. నువ్వు గుండీలు చూసుకో."

"తియ్యవే. నాకు ముక్కు లేదనుకుంటున్నావా. నువ్వు రోజూ వంటింట్లో దూరి గిన్నెలు అరగదీస్తున్నావు, నేను ఇరవై నాలుగు గంటలూ ఈ కంపుతోనే కూర్చున్నాను. నేనెటు పోవాలి ముఖం తిప్పుకుని."

ఆ మాట నేనెప్పుడూ అనుకోలేదు. ఇన్ని వేల మందికి నా ముఖంలో పుండు కనపడకుండా జాగ్రత్తపడ్డాను కానీ, వాళ్ల వాసన వాళ్లకీ వస్తుందని, నేను వెళ్లిపోయాక కూడా వస్తూనే ఉంటుందని ఒక్కసారి అనుకోలేదు. శుభ్రమైన ముఖం పెట్టుకుని వాళ్లని ఆ వాసనలో ఒంటరిగా వదిలేసి వచ్చానేమో. చెవి వెనక నాడాలు ముడిపడి ఉన్నాయి, తడి చేతులకి తొందరగా రాలేదు. మొదటిది తీశాను. రెండోది తీశాను. నోటితో పీల్చడం మానేసి ముక్కుతో పీల్చాను. అది నిండుగా లోపలికి వచ్చింది, తియ్యగా, పచ్చిగా, కుళ్లుగా, కడుపులో అడుగుదాకా దిగింది. నాలుకని వదిలేశాను. ముక్కు ముడుచుకుంది, పెదవి లేచింది, కనుబొమలు దగ్గరయ్యాయి. ముఖం తిప్పుకోలేదు. అక్క నన్నే చూస్తోంది. నా చెయ్యి తన మడమ కింద ఉంది.

"ఛీ" అన్నాను. "ఏం కంపే అక్కా నీది."

అక్క చొక్కా ఎత్తి పట్టుకుని గుండీలు వరసగా ఉన్నాయో లేదో చూసుకుంది. "నీ చెవి కంటే నయమేలే" అంది.

గుడ్డ ఒక మూల నుంచి నల్లబడటం మొదలైంది, నీళ్లు పీలుస్తోంది. మధ్యలో ఇంకా తెల్లగా, గట్టిగా ఉంది. గుడ్డ పట్టి లాగే ఫోర్సెప్స్ ట్రేలోనే ఉంచేశాను. ఇంకొంచెం సెలైన్ పోసి, ఆగాను.